కార్బన్ కాగితంతో దించిన ముఖం

బోర్డుల మీద అక్షరాలు రాయడంలో అతను చెయ్యి తిరిగినవాడు. ముప్ఫై ఏళ్లలో ఆ వీధుల్లో మందుల షాపు నుంచి మంగలి షాపు దాకా అతని రాత లేని గుమ్మం లేదు. ప్లాస్టిక్ బ్యానర్లు వచ్చి ఆ పని పోయింది. ఇంట్లో గోడలు చూస్తూ కూర్చుంటే పిచ్చెక్కుతుందని భార్యే అతన్ని సాయంత్రం క్లాసులో చేర్చింది, ఆయిల్ రంగులతో ముఖాలు వేయడం నేర్చుకోమని. అక్కడ ఎనిమిది మంది. అందరిలోకీ పెద్దవాడు కాబట్టి అందరికీ అతను బాబాయ్.

కూతురి ఈడు టీచరు అందరికీ ఒకటే బొమ్మ ఇచ్చింది. తోటలో ఎండకి కూర్చున్న ఒకావిడ ముఖం, ఎండనీ నీడనీ రంగుల్లోనే పట్టే పాత ఇంప్రెషనిస్టు చిత్రానికి అచ్చు కాపీ. "నీడ అనగానే నలుపు తీయకండి. ఆ బుగ్గ కింద ఊదారంగు చూడండి. కానీ ముందు గీత కుదరాలి," అంది.

మొదటి రోజు అతను గీసిన ఆవిడకి ఒక కన్ను నుదుటి మీదికెక్కింది. "బాబాయ్, ఈవిడకి దేనికో ఆశ్చర్యమేసినట్టుంది," అన్నాడు పక్కనున్న బ్యాంకు ఉద్యోగి. అందరూ నవ్వారు. అతనూ నవ్వాడు గానీ తల కొట్టేసినట్టయింది.

ఆదివారం బొమ్మని జిరాక్సు షాపులో కాన్వాసంత పెద్దది చేయించాడు. కింద కార్బన్ కాగితం పెట్టి గీత మీద గీత కాన్వాసు మీదికి దించేశాడు.

"అదేంటి, అలా దించేస్తున్నారు?" అంది భార్య.

"బోర్డులకి చేసిందీ ఇదేగా."

"బోర్డుకి డబ్బులిచ్చారు. ఇది మీరే గీశారనుకోరూ అందరూ?"

అతను కార్బన్ గీతలు కనపడకుండా పైన బొగ్గుపుల్ల తిప్పాడు.

క్లాసులో టీచరు ఆ కాన్వాసు ఎత్తి అందరికీ చూపించింది. "చూశారా, కొలతంటే ఇదీ." అతను నేల చూపులు చూశాడు. దాన్ని అణకువ అనుకున్నారు.

ఆస్పత్రిలో డ్యూటీ దిగి నేరుగా క్లాసుకొచ్చే నర్సు ఒకామె ఉండేది. గీసి, తుడిచి, మళ్లీ గీసి, ఆమె కాన్వాసు మురికి గుడ్డలా అయింది. ఆ రోజు అతని దగ్గరికొచ్చి, "బాబాయ్ గారూ, ఈ ముక్కు మీరెలా కొలిచారో కాస్త చెప్పరూ?" అంది.

ఏం చెప్తాడు? "అది చెప్తే వచ్చేది కాదమ్మా. కొందరికి వస్తుంది, కొందరికి రాదు," అన్నాడు.

ఆమె సరేనని తలూపింది. తర్వాతి వారం రాలేదు. ఆ పై వారమూ రాలేదు. "ఇక మానేస్తారట. నాకు రాదులెండి అన్నారు ఫోన్లో," అంది టీచరు.

మింగలేక కక్కలేక నాలుగు రోజులు తిరిగి, చివరికి ఆస్పత్రికి వెళ్లాడు. కట్లు కట్టే గది ముందు వరసలో నిలబడ్డాడు. అతని వంతు వచ్చింది.

"దెబ్బ ఎక్కడండీ?" అని తలెత్తి చూసి ఆగింది నర్సు.

"దెబ్బ కాదమ్మా. ఆ బొమ్మ నేను గీసింది కాదు. కార్బన్ పెట్టి దించాను."

ఆమె దూది మడుస్తూనే ఉంది. "దించితే దించారు. కొందరికి రాదన్నారే, అదెందుకన్నారు?"

అతను వరసలోంచి కదలకుండా అక్కడే నిలబడ్డాడు.

"పక్కకి జరగండి. వెనక పేషెంట్లున్నారు."

ఆ సాయంత్రం క్లాసులో అందరి ముందూ చెప్పాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు, బ్యాంకు ఉద్యోగి కూడా. టీచరు ముఖం వాడిపోయింది. "నాతోనైనా చెప్పాల్సింది కదండీ. నర్సుగారికి మిమ్మల్నే చూసి నేర్చుకోమన్నానే," అని కొత్త కాన్వాసు తెచ్చి అతని ముందు పెట్టింది.

నెల తర్వాత నర్సు మళ్లీ వచ్చింది. అందరినీ పలకరించి, కిటికీ పక్కన కాన్వాసు నిలబెట్టే ఈజిల్ వేసుకుంది. కాసేపటికి ఇటు తిరిగి, "సార్, ఆ టర్పెంటైన్ సీసా ఒకసారి ఇస్తారా?" అంది.

బాబాయ్ అనలేదు. అతను లేచి వెళ్లి సీసా ఇచ్చాడు. ఆమె ముఖంలోకి చూడలేక తన చోటికొచ్చి, కొత్త కాన్వాసు మీద తను గీసిన వంకర ముక్కుని గుడ్డతో తుడిచాడు.