తడి సరుకు

"ఆ డబ్బా అవతల పెట్టు. నేను నీ మేనమామని," అన్నాడు కాంట్రాక్టరు.

"నాకు తెలుసు మామయ్యా. డబ్బాకి తెలీదుగా," అంది ఆమె.

రేవులో ఓడల్లో సరుకు నింపించే కాంట్రాక్టు ఆయనది. ఆ సరుకు సముద్రం మీద పోవడానికి తగినదో కాదో ముందుగా పరీక్షించే ఉద్యోగం ఆమెది. తండ్రి పోయాక ఆమెను చదివించింది ఈ మేనమామే. ఆ సంగతి ఆయన ఏనాడూ మరిచిపోనివ్వలేదు.

సరుకు ఇనుప ఖనిజం. సంచులూ పెట్టెలూ ఉండవు. యార్డులో కొండలా పోసిన పొడిని బెల్టు మీద పంపి నేరుగా ఓడ కడుపులో గుమ్మరిస్తారు. వారమంతా వానలు. కుప్ప మీద పట్టా కప్పలేదు. ఆమె నాలుగు పక్కలా తవ్వి తీసిన పొడిని డబ్బాలో సగానికి నింపి, గచ్చుకేసి దబదబా కొట్టింది. పొడి కాస్తా బురదైపోయి, పైన నీళ్ళు తేలాయి.

"ఇది ఓడెక్కకూడదు. అలలకి ఓడ ఊగితే లోపలి సరుకంతా ఇలాగే అవుతుంది. ఒక పక్కకి జారిందా, ఓడ ఇక లేవదు."

"పైపై తడే. ఇన్నేళ్ళుగా నింపుతున్నాను, ఎన్ని మునిగాయేం?"

"ఎండబెట్టించండి. మళ్ళీ చూస్తాను."

"అండీలోకి దిగావా? మామయ్యని చంపేసి కాంట్రాక్టరుని పుట్టించావన్నమాట!"

ఆయన డబ్బాని ఒక్క తన్ను తన్నాడు. బురద ఆమె బట్టల మీద చిందింది. చుట్టూ ఉన్న కూలీలు నవ్వారు. పని ఆగితే పస్తులుండాల్సింది వాళ్ళు. ఆమె మీద ఎవరికీ జాలి లేదు.

మధ్యాహ్నానికి ఆయన ఇంకో పరీక్షకుణ్ణి పట్టుకొచ్చాడు. అతను యార్డు పక్క షెడ్డులో తడవకుండా ఉన్న కొద్దిపాటి ఖనిజం నుంచి పిడికెడు తీసి చూసి, బ్రహ్మాండంగా ఉందన్నాడు. బెల్టు కదిలింది. ఆమె ఓడెక్కి, కెప్టెన్ ఎదురుగా ఇంకోసారి డబ్బా కొట్టి చూపించింది. ఆయన తేలిన నీళ్ళ వంక చూసి కిటికీ వైపు తిరిగాడు.

"ఓనర్లు నా ప్రాణం తోడేస్తున్నారమ్మా. మీరు వద్దన్నారు, అతను సరేనన్నాడు. నాకు సరే అన్నవాడే కావాలి."

"మీ మనుషుల్ని కూడా అడిగారా?"

"ఇక దిగండి," అన్నాడు కెప్టెన్.

ఆమె పోర్టు ఆఫీసుకి పరిగెత్తింది. అక్కడ ఒకరు ఇంకొకరి గది చూపించేలోపు ఓడ నిండి వెళ్ళిపోయింది. ఇంటికొస్తే తల్లి గుమ్మంలోనే అందుకుంది.

"వాడి చలవ లేకపోతే నువ్వెక్కడుండేదానివే? నలుగురిలో నా తమ్ముడి పరువు తీస్తావా?"

"ఓడలో ఇరవైమందికి పైగా ఉన్నారమ్మా."

"వాళ్ళు నీకేమవుతారు?"

ఆమె బురదంటిన బట్టలు ఉతుక్కోడానికి పెరట్లోకి వెళ్ళింది.

రెండు రోజులకి ఓడ తిరిగొచ్చింది. కుడి పక్కకి ఒరిగిపోయి ఉంది. టగ్గు పడవలు లాక్కొస్తున్నాయి. నావికులు లైఫ్ జాకెట్లలో, ఎత్తుగా లేచిన పక్క కమ్మీలు పట్టుకుని వేలాడుతున్నారు. ప్రాణాలు దక్కాయి గానీ, మరిగే గిన్నె మీద పడి వంటవాడి ఛాతీ కాలిపోయింది.

మేనమామ జెట్టీ మీద ఆమె మీదమీదికొచ్చాడు.

"అంతా నీ నల్లనాలుక! లేవదు, లేవదు అని జపం చేశావు. చూడు, పడింది!"

కూలీల్లో ఒకడు అవునన్నట్టు ఉమ్మేశాడు. అప్పుడే వంటవాణ్ణి స్ట్రెచర్ మీద దింపుతున్నారు.

"ఆ మాట అతనితో చెప్పండి," అంది ఆమె. మేనమామ అటు తలైనా తిప్పలేదు.

ఓడ కడుపులోంచి బురద తోడించే బాధ్యత పోర్టువాళ్ళు ఆమెకిచ్చారు. తోడాల్సింది మేనమామ మనుషులే. ఓడ మీద ఇద్దరూ చెయ్యి చాపితే తగిలేంత దూరంలో నిలబడ్డారు. ఆయన ఆమెతో మాట్లాడడు. క్రేనుకి సైగలిచ్చే మేస్త్రీ మధ్యలో ఇరుక్కున్నాడు.

"ఒరేయ్, ముందెక్కడ తియ్యాలో అమ్మగార్నడుగు."

"ఒరిగిన పక్క. కొద్దికొద్దిగా," అంది ఆమె.

"ఒరిగిన పక్కటండీ బాబూ."

"నాకేం చెవుడా?"

క్రేను తొట్టి కిందికి దిగి, బురద కారుకుంటూ పైకొచ్చింది. సాయంత్రానికి ఓడ కాస్త నిలబడింది.

"రేపట్నించి నా మనుషులు రారని చెప్పరా," అన్నాడు మేనమామ.

"రానక్కర్లేదు. ఆయన కాంట్రాక్టు రద్దయింది," అంది ఆమె.

ఆయన అప్పుడు ఆమె ముఖంలోకి చూశాడు. "నువ్వే చేయించావు."

"అవును. పోర్టువాళ్ళు అడిగితే చూసింది చూసినట్టు చెప్పాను."

ఆయన ఓడ మెట్లు దిగి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత వాళ్ళింటి గడప తొక్కలేదు. తల్లి మాత్రం తమ్ముణ్ణి చూడ్డానికి వెళ్తూనే ఉంది. వెళ్ళేటప్పుడు కూతురితో చెప్పేది కాదు.