డాబా మీద శశాంక్

కిషన్ రావు జాతకంలో చంద్రుడు నీరసంగా ఉన్నాడని అశోక్ నగర్‌లో ఆ సందు మొత్తానికీ తెలుసు. ఎవరూ అడగకుండానే అతనే చెప్పుకున్నాడు. కాలనీ సంఘం ఎన్నికలో ఓడిపోయిన నాటి నుంచి చంద్రుడికి ఈ నీరసం పట్టుకుంది. అంతకుముందు గెలిచినప్పుడల్లా అది తన సొంత తెలివేనని చెప్పుకునేవాడు. అప్పుడు చంద్రుడి పేరు ఒక్కసారైనా ఎత్తిన పాపాన పోలేదు.

నారాయణగూడలో ఒక సిద్ధాంతి అతని బాధంతా విని, చంద్రుడి ఒడిలో ఉండేది కుందేలే కాబట్టి ఒక తెల్ల కుందేలును పెంచమన్నాడు. దాని ఒంటి మీద వెన్నెల పడాలన్నాడు. వెన్నెల పడాలంటే పైన కప్పు ఉండకూడదు. కప్పు లేని చోటంటే డాబా. అలా కార్తీక మాసంలో ఒక తెల్ల కుందేలు జాలీ పెట్టెతో సహా డాబా ఎక్కింది. దానికి శశాంక్ అని పేరు పెట్టి, అది చాలదన్నట్టు చివర రావు కూడా తగిలించాడు కిషన్ రావు.

కింది వాటాలో ఉండే హైమవతికి అతను మరిది. ఆమె భర్త ఇంద్రసేన రావు తమ్ముడి వేషాలు చూసి నవ్వుకుని, పేపరు అడ్డం పెట్టుకుని కూర్చునే రకం. హైమవతికి ఆ సుఖం లేదు. తెల్లవారకముందే తలస్నానం చేసి, మడిబట్ట కట్టి, దేవుని అర్రలో దీపం పెట్టి, ఆ తర్వాత చిక్కడపల్లి వెంకన్న గుడికి నడిచి వెళ్లి రావడం ఆమెకు పెళ్లయిన నాటి నుంచీ అలవాటు. గ్రహాలను కొట్టిపారేసే మనిషి కాదు. కాకపోతే మనిషికి పట్టిన గ్రహానికి కుందేలును జైల్లో పెట్టడమెందుకో ఆమెకు ఎంత ఆలోచించినా అంతుపట్టలేదు.

పుష్యమాసం చలిలో ఆమె ఒక గోనెసంచీ తీసుకెళ్లి పెట్టెకు గాలి తగిలేవైపు కట్టి, లోపల వరిగడ్డి పరిచి వచ్చింది. సాయంత్రానికి గోనెసంచీ మెట్ల మీద పడి ఉంది.

"వెన్నెలకు అడ్డమొస్తది వదినా," అన్నాడు కిషన్ రావు.

"నువ్వు రగ్గు కప్పుకొని పండుకుంటవు గద. నీ మీద పడొద్దా వెన్నెల?"

"నా బదులు దాని మీద పడ్తది. అదే గద పరిహారమంటే."

మనిషి చేయలేనిది మూగజీవంతో చేయించడమే పరిహారం కాబోలు అనుకుని ఆమె దిగి వచ్చింది. ఎలాగో చలికాలం గడిచింది. అసలు కష్టం ఎండాకాలంతో మొదలైంది. రోహిణి కార్తె ఇంకా రానేలేదు, అప్పటికే డాబా పెనంలా కాలుతోంది. సిమెంటు కిందినుంచి కాలుస్తుంటే ఎండ పైనుంచి కాల్చేది. పక్క బిల్డింగులో సర్కారు కొలువులకు చదువుకునే పిల్లల హాస్టలు ఉంది. వాళ్ల కిటికీలోంచి చూస్తే ఈ డాబా అంతా కనబడుతుంది.

"అంకుల్, మీ శశాంక్ గ్రూప్ వన్‌కా, గ్రూప్ టూకా?" అని అరిచేవారు వాళ్లు.

"నోరు మూసుకొని చదువుకోండ్రి."

"చదువుతున్నమంకుల్. చంద్రునికి సొంత వెలుగు లేదంట. జనరల్ సైన్స్‌ల వచ్చింది."

కిషన్ రావుకు అది అవమానం. అంతమంది నవ్వుతున్నా కుందేలును నీడకు జరపాలని మాత్రం అతనికి తోచలేదు. పెట్టె కదిపితే స్థానబలం పోతుందట.

చైత్రంలో ఒకరోజు శశాంక్ తిండి మానేసింది. తోడికోడలు ప్రేమ ఏడుపు ముఖం పెట్టుకుని కిందికి వచ్చింది. "అక్కా, నువ్వన్న చెప్పు ఆయనకు," అంది. కిషన్ రావునూ వెంటబెట్టుకుని ముగ్గురూ ఆటోలో నారాయణగూడలో ఉన్న పశువుల డాక్టరమ్మ దగ్గరికి వెళ్లారు. ఆమె కుందేలు చెవులు పట్టి చూసింది.

"దీన్ని ఎక్కడ ఉంచుతున్నరు?"

"డాబా మీద," అన్నాడు కిషన్ రావు.

"నీడ ఏమున్నది అక్కడ?"

"నీడుంటే వెన్నెల పడది గద మేడం."

"పగటీలి వెన్నెల ఏందండి?" అంది డాక్టరమ్మ. "దీనికి మనలెక్క చెమట పట్టది. ఒంట్ల వేడి ఈ చెవుల నుంచే పోవాలె. ఒక బొచ్చుకోటు తొడుక్కొని మిట్టమధ్యాహ్నం మీరు నిలబడుండ్రి డాబా మీద, తెలుస్తది."

ప్రేమ నవ్వు ఆపుకోలేక చెంగు అడ్డం పెట్టుకుంది. డాక్టరమ్మ మాత్రం నవ్వలేదు. ఎండాకాలం దీన్ని కిందికి తెచ్చి గాలాడే నీడలో, చల్లని బండ మీద ఉంచమంది. సీసాలో నీళ్లు గడ్డకట్టించి, బట్ట చుట్టి పక్కన పెడితే అదే వచ్చి ఆనుకుంటుందంది. నోరు తెరిచి రొప్పితే చన్నీళ్లతో చెవులు తడపమంది. "బకెట్‌తోని మీద గుమ్మరియ్యకుండ్రి. ఐసు నీళ్లు అసలే వద్దు. బెదిరి ప్రాణం పోతది."

ఆటో ఎక్కగానే కిషన్ రావు తీర్పు చెప్పేశాడు. "ఆమెకు జ్యోతిషం తెల్వది."

"మీ సిద్ధాంతికి కుందేలు తెల్వది," అంది హైమవతి.

అయినా డాక్టరమ్మ మాట కొంత విన్నట్టే కనిపించాలని కాబోలు, అతను ఏర్పాట్లు మొదలుపెట్టాడు. పండ్లబండి వాళ్లు పెట్టుకునే రంగుల గొడుగు ఒకటి తెచ్చాడు. అది పెట్టెకు కాక పెట్టె పక్కన గోడకు నీడ పట్టేది. టేబుల్ ఫ్యాను తెచ్చాడు. అది డాబా మీది వడగాలినే పోగేసి కుందేలు ముఖాన కొట్టేది. సోమవారం నాడు ఫ్రిజ్ నీళ్లు చెంబుతో తెచ్చి, మంత్రం చదువుతూ దాని నెత్తిన పోశాడు. కుందేలు గిలగిల కొట్టుకుని మూలకు ఒదిగింది.

"డాక్టరమ్మ వద్దన్నదా లేదా?" అని హైమవతి కేకలేసింది.

"ఆమె వద్దన్నది మామూలు నీళ్లు. ఇవి అభిషేకం నీళ్లు వదినా."

వైశాఖం వచ్చేసరికి సిద్ధాంతి ఇంకో మెలిక పెట్టాడు. నలభై రోజుల మండలం పాటు కుందేలు ఆకాశం కిందే ఉండాలి, జ్యేష్ఠ పౌర్ణమితో మండలం పూర్తవుతుంది, మధ్యలో కప్పు కిందికి వస్తే చేసిందంతా బూడిదలో పోసిన పన్నీరే. కిషన్ రావు డాబా తలుపుకు తాళం వేసుకోవడం మొదలుపెట్టాడు. వదిన చేతి మీద అతనికి నమ్మకం లేదు.

సరిగ్గా పౌర్ణమి నాడే ప్రేమ పెదనాయన పదోదినం వచ్చింది. జడ్చర్ల వెళ్లక తప్పదు. తాళంచెవి ఇవ్వకా తప్పదు.

"జర నీళ్లు, గడ్డి పెట్టు వదినా. కానీ కదపకు. నీకు దండం పెడ్త. ఈ ఒక్క రాత్రి అయితే అయిపోతది. నడుమల ఏమన్న అయితే మాత్రం బాధ్యత నీదే."

"దానికి ఏమన్న అయితే బాధ్యత ఎవలది?"

అతను విననట్టే కారెక్కాడు.

గుడి నుంచి వచ్చి, వంట ముగించి, హైమవతి డాబా ఎక్కేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. గొడుగు గాలికి ఎగిరి నీళ్ల ట్యాంకు దగ్గర పడి ఉంది. గిన్నెలో నీళ్లు వేడెక్కాయి. కుందేలు పక్కకు ఒరిగి, కాళ్లు చాపి, నోరు తెరుచుకుని రొప్పుతోంది. చెవుల్లో నరాలు ఎర్రగా ఉబ్బి కనబడుతున్నాయి. ఆమె చెయ్యి పెట్టి ముట్టుకుంది. కాగిన గిన్నెను పట్టుకున్నట్టు అనిపించింది. రోజూ మనిషి అలికిడికే ఎగిరిపడే జీవి ఇప్పుడు తల కూడా తిప్పలేదు.

కదిపితే మండలం చెడుతుంది. రేపటి నుంచి ఆ ఇంట్లో ఎవరికి జ్వరం వచ్చినా, ఏ ఎన్నిక ఓడినా వదిన వల్లే అంటాడు. పదేళ్లు అంటాడు. ఆమె పెట్టె తలుపు తీసి కుందేలును కొంగులో చుట్టుకుని మెట్లు దిగింది.

హాల్లో ఫ్యాను కింద పెడితే వేడిగాలే. వంటింట్లో పొయ్యి సెగ ఇంకా చల్లారలేదు. పడకగదికి పడమటి గోడ, కాసేపట్లో ఎండ దాని మీదికే వస్తుంది. పేపరు పక్కన పెట్టి ఇంద్రసేన రావు లేచి వచ్చాడు.

"దేవుని అర్రల పెట్టు హైమా. అక్కడే సల్లగుంటది."

ఆమె గడప దగ్గర ఆగింది. ఆ అర్ర వాళ్ల అత్తగారి కాలం నాటిది. షాబాదు బండల నేల, ఎండ చొరబడని గోడలు, కుండలోపలిలా చల్లన. స్నానం చేయని వాళ్లు ఆ గడప దాటింది లేదు. ఆడపిల్లలు, కోడళ్లు ఇంటికి దూరంగా ఉండే రోజుల్లో ఆ వైపు తొంగి చూసింది కూడా లేదు. అలాంటి చోటికి బొచ్చు, పెంట, ఉచ్చతో సహా ఒక జంతువునా? మరిది మూఢత్వాన్ని ఆరేడు నెలలుగా ఎక్కిరించిన మనిషి తన గడప దగ్గరికి వచ్చేసరికి కాలు ఎత్తలేకపోయింది. మరిదికి కప్పు పనికిరాదు, నాకు గడప పనికిరాదు, నడుమ చస్తున్నది ఇది. ఈ మాట తట్టగానే ఆమెకు తన మీద తనకే ఒళ్లు మండింది. స్వామి చేపగా, తాబేలుగా, పందిగా కూడా పుట్టాడని రోజూ చదువుతుంది కదా! ఆ స్వామికి కుందేలు మైలా?

గడప దాటింది. బండ మీద పడుకోబెట్టింది. చెంబులో నీళ్లు ముంచి వేళ్లతో చెవులు తడిపింది, ఆరగానే మళ్లీ తడిపింది. ఇంద్రసేన రావు ఫ్రిజ్‌లో గడ్డకట్టిన నీళ్ల సీసా తెచ్చి, తన తువ్వాలు చుట్టి గడప బయటి నుంచే అందించాడు. చాలాసేపటికి రొప్పు తగ్గింది. నోరు మూసుకుంది. బతికిందో లేదో తెలియక ఆమె దాని పొట్ట మీద వేలు ఆనించి చూసింది. తర్వాత ముక్కు కదిలింది. అయినా నీళ్లు ముట్టలేదు, గడ్డి ముట్టలేదు.

పొద్దు గూకే వేళకు కారు వచ్చింది. కిషన్ రావు నేరుగా డాబా ఎక్కి, అంతే వేగంగా దిగి వచ్చాడు.

"యాడుంది? వదినా, శశాంక్ యాడుంది?"

"లోపలున్నది. పానం బాగలేదు."

"కప్పు కిందికి తెచ్చినవా! చంద్రుడు రాబోతున్నడు, ఈ ఒక్క రాత్రితోని అయిపోయేది! నా మండలం మొత్తం నాశనం చేసినవు గద."

"మధ్యాహ్నమే సచ్చేది. పీనుగ మీద వెన్నెల పడితే నడుస్తదా? మీ సిద్ధాంతిని అడుగు."

"ఇప్పుడన్న ఇయ్యి. పైకి తీస్కపోత."

అతను అడుగు వేయబోయాడు. హైమవతి గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"పదోదినం కాడికెంచి వచ్చి, స్నానం లేకుంట దేవుని అర్రల కాలు పెడ్తవా? అంత ఆచారం తెల్సినోనివి!"

కిషన్ రావు కాలు గాల్లోనే ఆగింది. వెనక నుంచి ప్రేమ అంది, "పోండి, నెత్తి మీదికెంచి పోసుకొని రాండి."

"పోసుకొని వస్త. అప్పుడు ఎట్ల ఆపుతవో చూస్త."

"వచ్చినా ఇయ్య," అంది హైమవతి. "స్వామి ముందర పెట్టిన. ఆయనకు ఇచ్చేసిన. దేవునికి ఇచ్చింది వాపసు గుంజుకుంటవా?"

నిజానికి ఆమె అలా ఇస్తున్నానని ఎవరికీ మొక్కలేదు. బండ చల్లగా ఉందని పెట్టింది, అంతే. ఆ మాట నోటి నుంచి వచ్చాక కూడా అది అబద్ధమో కాదో ఆమెకే తెలియలేదు. దేవుణ్ని అడ్డం పెట్టుకుని ఇన్నాళ్లు కిషన్ రావు ఆడిన ఆట తానూ ఆడుతోందా? ఆడితే ఆడింది. ఆ మాటకు ఏదైనా దోషముంటే తనకే రానీ అనుకుంది.

కిషన్ రావు అక్కడే నిలబడి సిద్ధాంతికి ఫోన్ చేశాడు. అందరూ వినాలని స్పీకరు పెట్టాడు. సిద్ధాంతి ఏదో పెళ్లి హడావిడిలో ఉన్నాడు, వెనక బ్యాండు మోగుతోంది.

"దైవానికి అర్పించారా? అయితే తీయకూడదండీ. మహాదోషం," అని పెట్టేశాడు.

ఇంద్రసేన రావు దగ్గు వచ్చినట్టు నటిస్తూ పేపరు వెనక్కి వెళ్లిపోయాడు. కిషన్ రావు ఫోను వైపు, వదిన వైపు చూసి, స్నానానికి పైకి వెళ్లాడు. మళ్లీ రాలేదు.

తెల్లవారి హైమవతి తలంటుకుని మడిబట్టతో అర్ర తలుపు తీసింది. ముందు రోజు తులసిమాల పీట మీది నుంచి కిందికి లాగబడి ఉంది. సగం లేదు. మిగిలిన సగాన్ని కుందేలు రెండు కాళ్ల మధ్య పెట్టుకుని నములుతోంది. ఆమెను చూసి కూడా నమలడం ఆపలేదు.

అప్పటికే కిషన్ రావు పట్టుపంచె కట్టుకుని గడప అవతల నిలబడి ఉన్నాడు. కుందేలును, మాలను మార్చి మార్చి చూసి, ముఖం విప్పార్చుకుని చేతులు జోడించాడు.

"వదినా! స్వామి ప్రసాదం తిన్నది! రాత్రంతా ఆలోచించిన. అర్పించింది మన ఇంటి తరఫున గద. ఫలం నాకే వస్తది. వెన్నెలకన్న ఇదే ఎక్కువ పవర్!"

హైమవతి అతన్ని పైనుంచి కింది దాకా చూసింది. ఎండ మారుతుంది, కాలం మారుతుంది, ఈ మనిషి మాత్రం మారడు.

"వస్తది తియ్యి. అప్పటిదాక నువ్వు దానికి పనికొచ్చే పని ఒక్కటి జెయ్యి. చిక్కడపల్లి మార్కెట్‌కు పోయి పచ్చిగడ్డి, కొత్తిమీర తీస్కరా. పంచె విప్పి పో. లేకుంటే హాస్టల్ పోరగాండ్లు నిన్ను పంతులనుకుంటరు."

అతను నిజంగానే వెళ్లాడు. సంచీ ఊపుకుంటూ, ఎవరికో ఫోనులో అర్పణ మహిమ వివరిస్తూ.

ఆమె చీపురు తెచ్చింది. పీట చుట్టూ మిరియాల్లా చెల్లాచెదురుగా ఉన్న పెంటికలను ఊడ్చి ఎత్తి పోసింది. బండ తడిగుడ్డతో తుడిచింది. ఇప్పుడు మళ్లీ తలస్నానం చేయాలా వద్దా అని కాసేపు నిలబడింది. కుందేలు ఆమె మడిబట్ట అంచును వాసన చూసి, కొరకడానికి పనికిరాదని తేల్చుకుని, చల్లని బండ మీద మళ్లీ కాళ్లు చాపుకుని పడుకుంది.

హైమవతి చేతులు మాత్రం కడుక్కుని వచ్చి దీపం వెలిగించింది.