డయానా గారి ఏనుగు

పటమటలో నలభై ఏళ్ళు జాకెట్లు కుట్టాను. వీధికో బొటిక్ వచ్చాక గిరాకీ తగ్గి, మిషను మీద దుప్పటి కప్పేశాను. ఆ దుప్పటి తీయించింది ఒక గుడ్డ ఏనుగు. మా కోడలు సింధూరి నెట్‌లో దాని కాగితం నమూనా కొని, మనవడు సాత్విక్‌కి కుట్టిపెట్టమంది. పక్కింటివాళ్ళు చూసి అడిగారు, వాళ్ళ చుట్టాలు అడిగారు. చివరికి గవర్నర్‌పేటలో బొమ్మల కొట్టాయన ముప్పై కావాలన్నాడు. ఆ వారం నాకు మోకాళ్ళ నొప్పులు కూడా గుర్తు రాలేదు.

పదహారు ఏనుగులు తయారయ్యాక సింధూరి ఆ నమూనా చివరి పేజీ చదివింది. దాన్ని గీసింది బెంగళూరులో డయానా అనే ఆవిడట. ఇంట్లోకి కుట్టుకోవచ్చు గానీ అమ్మకూడదని రాసిందట.

నాకు ఒళ్ళు మండింది. మా పనిలో ఆది జాకెట్టు చేతికిచ్చారంటే, దాన్ని చూసి కుట్టమనే అర్థం. ఆ ఆదిని ఎవరు కుట్టారని ఏ దర్జీ అడగడు. డబ్బు పెట్టి కొన్నాక మళ్ళీ ఈ ఆంక్షలేమిటని నోటికొచ్చినట్టు అరిచాను.

సింధూరి అంతా విని, "మీరు గీసిన మెడ సంగతి చెప్పారు కదండీ అత్తయ్యా," అంది మెల్లగా.

పెళ్ళయిన కొత్తలో వన్ టౌన్‌లో ఒక కొట్లో పనిచేస్తూ, జాకెట్టుకి తామర రేకుల మెడ ఒకటి గీశాను. ఓనరు అది తనదేనని చెప్పుకుని ఊరంతటికీ కుట్టి అమ్మాడు. నాదంటే మా ఆయన తప్ప ఎవరూ నమ్మలేదు. తనదాకా వస్తేగానీ తెలియదంటారు. నాకు వచ్చి కూడా తెలియలేదు. చాలా సిగ్గేసింది.

ఏదీ దాచకుండా డయానాకి మెయిలు రాయమని సింధూరికి చెప్పాను. తెలియక పదహారు కుట్టానని, వద్దంటే ఆపేస్తానని రాసింది. నాలుగు రోజులు మిషను ముట్టుకోలేదు. మళ్ళీ దుప్పటి కప్పాల్సి వస్తుందేమోనని భయంగా ఉండేది.

ఐదో రోజు జవాబొచ్చింది. ఎవరెవరో తన ఏనుగుల్ని వందల్లో కుట్టించి అమ్ముకుంటున్నారని, అందుకే ఆ మాట రాసుకున్నానని, నిజం చెప్పి అడిగింది మీరొక్కరేనని రాసింది. ముప్పై కుట్టుకోమంది. ఒక్కో ఏనుగుకీ చిన్న గుడ్డ పట్టీ వేసి, గీసినామె పేరు, కుట్టినామె పేరు పెట్టమంది.

"నా పేరెందుకమ్మా?" అన్నాను.

"కుట్టింది మీరే కదండీ," అంది సింధూరి.

నా చేతి జాకెట్లు ఎన్ని వేల పెళ్ళిళ్ళకు వెళ్ళాయో. ఒక్కదాని మీదా నా పేరు లేదు. పట్టీ మీద డయానా అని సులువుగానే కుట్టాను. దాని కింద సీతారావమ్మ అని మొదలుపెట్టేసరికి కళ్ళలో నీళ్ళు నిండి సూది కనబడలేదు. సింధూరి అందుకోబోయింది. నేనివ్వలేదు.