బల్లెమెత్తు పొద్దు

నేను ఒక చర్నాకోలను. పేరు వినగానే వీపు తడుముకునేవాళ్లు ఉంటారు, కంగారు పడకండి. నా జన్మలో నేను కొట్టిన దెబ్బలకంటే కొట్టినట్టు నటించినవే ఎక్కువ.

పొన్నూరు సంతలో తోలుపని చేసే ఒక ముసలాయన నన్ను తయారు చేశాడు. నాలుగడుగుల వెదురు కర్రను సెగకు చూపించి వంకర తీశాడు, ఆముదం పట్టించాడు, కొసకు మూడు పాయల తోలుజడ అల్లాడు. గాలిలో ఒకసారి ఝళిపించి చూసి, "గుర్రానికెందుకే నువ్వు? తోలేవాడికి తగలాలి అప్పుడప్పుడూ" అని నవ్వుకున్నాడు. ఆయన మాట నిజమని నన్ను మొదట కొనుక్కున్నవాడి దగ్గరే తెలిసింది. ఇంట్లో పెళ్లాం మీద కోపమొచ్చినా, టీలో చక్కెర తక్కువైనా గుర్రానికి దెబ్బలు పడేవి. సిగ్గుతో నా తోలుజడ ముడుచుకుపోయేది, కానీ ఎవరి చేతిలో ఉంటే వాళ్ల బుద్ధే కదా నాకు. ఏడాది తిరక్కుండానే వాడు బండినీ గుర్రాన్నీ నన్నూ కలిపి అమ్మేసి, లారీల మీద పనికి వెళ్లిపోయాడు. బతికిపోయాం.

కొన్నవాడు సిలార్ సాహెబు. దూదేకులవాళ్లు. తాత దూది ఏకాడు, తండ్రి పరుపులు కుట్టాడు, ఇతనికి గుర్రాల పిచ్చి పట్టింది. నమాజు అరబీలో, తక్కిన బతుకంతా తెలుగులో. నిడుబ్రోలు స్టేషను దగ్గర జట్కా కట్టేవాడు. గుర్రానికి బిజిలీ అని పేరు పెట్టాడు. బిజిలీ అంటే మెరుపు. దాని నడక చూసినవాళ్లెవరూ ఆ పేరు పెట్టరు. సిలారుకు మాత్రం దాని ఒంటి మీద ఈగ వాలినా మనసొప్పేది కాదు. నా కర్రను చక్రం ఆకుల మధ్య పెట్టి టకటకలాడించి జనాన్ని తప్పుకోమనడమే తప్ప, నన్ను దాని మీద ఒక్కసారీ వేయలేదు.

అతనికి ఉన్న చిక్కల్లా తెల్లవారుజాము రైలు. తెల్లవారుజాము నమాజును ఫజరు అంటారు. నిలబడి, వంగి, నుదురు నేలకు ఆనించే ఒక్కో విడత ఒక రకాతు. ఫజరులో జమాతుగా, అంటే అందరూ వరసలో నిలబడి చేసే రెండు రకాతులు తప్పనిసరి. వాటికి ముందు ఎవరికి వాళ్లు చేసుకునే రెండు రకాతులు సున్నత్. వాటికి బలవంతం లేదు, కానీ లోకమంతా రాసిస్తానన్నా వాటిని వదులుకోవద్దని పెద్దల మాట. సరిగ్గా ఆ వేళకే రైలు వచ్చేది. ప్రయాణికుల్ని దింపి సిలారు మసీదు మెట్లెక్కేసరికి జమాతు నిలబడిపోయి ఉండేది. పరుగున వెళ్లి చివరి వరసలో కలిసేవాడు. ముందు చేయాల్సిన ఆ రెండూ రోజూ మిగిలిపోయేవి.

ఆ రెండు రకాతులంటే అతని తల్లి కాసింబీకి ప్రాణం. మంచాన పడి, నోట మాట కూడబలుక్కోవాల్సిన స్థితిలో కొడుకు చెయ్యి పట్టుకుంది. "నాయనా, నీకు రైలుంది. నాకు తెలుసు. ముందు కుదరకపోతే ఎండెక్కినాకైనా ఆ రెండూ చేసుకో. ఒక్కరోజు కూడా వదలమాక."

"వదలనమ్మా," అన్నాడు సిలారు. మూడో రోజున ఆమె పోయింది.

నలభై దినాలైనా కాకముందే అతను అప్పటి ముల్లాగారి దగ్గరికి వెళ్లాడు. తప్పిన నమాజును తర్వాత చేసుకోవడాన్ని ఖజా అంటారనీ, పొద్దు పొడుస్తుండగా చేయకూడదనీ, సూర్యుడు బల్లెమెత్తు లేచాక చేసుకొమ్మనీ ఆయన చెప్పాడు. సిలారు తలూపి వచ్చేశాడు. బల్లెం ఎంత ఉంటుందో అడగలేదు. అడిగితే ఈమాత్రం తెలియదా అంటారని మొహమాటం. బండి దగ్గరికొచ్చి చుట్టూ చూశాడు. బల్లేనికి దగ్గరి చుట్టంలా కనిపించింది నేనొక్కదాన్నే.

అలా నాకు కొత్త ఉద్యోగం వచ్చింది. రోజూ జమాతు అయ్యాక మసీదు గోడ బయట, బండి పక్కన నన్ను నేలలో పాతేవాడు. నాలుగడుగుల ఇవతల గోనెపట్టా వేసుకుని తూర్పుకు తిరిగి కూర్చునేవాడు. సూర్యుడు నా కొసను తాకగానే లేచి, పడమటికి తిరిగి, ఆ రెండు రకాతులూ చేసేవాడు. అందుకు గంటకు పైగా పట్టేది. అంతసేపూ పెదాలు కదుపుతూ ఉండేవాడు, తస్బీ చదువుతూ దేవుణ్ణి తలుచుకుంటున్నాడని నేననుకునేదాన్ని. ఈలోపు ఏడింటి రైలు బేరాలన్నీ తక్కిన బండ్లవాళ్లు తీసుకుపోయేవాళ్లు. మసీదులో ఎవరికీ అనుమానం రాలేదు. బండి పక్కన మనిషి కూర్చుంటే బేరం కోసమే అనుకుంటారు లోకులు. పైగా సిలారు లెక్కలో ఇంకో నియమం కూడా ఉంది. ఫజరు వేళ ఎంత ఇరుకో ఖజా వేళా అంత ఇరుకని అతని నమ్మకం. సూర్యుడు కొస దాటిపోతే ఇక ఆ రోజుది చెల్లదు. ఈ మాట అతనికి ఎవరూ చెప్పలేదు, భయం చెప్పింది.

పదకొండేళ్లు ఒక్కరోజు తప్పలేదు.

ఒక మాఘమాసపు ఉదయం సూర్యుడు నా కొసకు రెండు వేళ్ల కింద ఉన్నాడు. సిలారు మోకాళ్ల మీద చేతులు వేసుకుని లేవబోతున్నాడు. రోడ్డు మీద నుంచి కేక వినపడింది.

"సాయిబూ! బండి కట్టవయ్యా, నీకు పుణ్యముంటది!"

అంకమ్మ అనే ఆమె, కోడలు సామ్రాజ్యాన్ని నడుం పట్టుకుని నడిపించుకొస్తోంది. తొలిచూలు. నొప్పులు వచ్చి చాలాసేపయింది. పిల్ల మొహం తెల్లగా పాలిపోయింది. తక్కిన బండ్లన్నీ రైలు బేరాలకు పోయాయి, ఆసుపత్రి మూడు మైళ్లు.

సిలారు సూర్యుణ్ణి చూశాడు. నన్ను చూశాడు. రెండు రకాతులు చేయడానికి ఎంతసేపు పడుతుంది? కానీ సూర్యుడింకా రెండు వేళ్లు కిందే ఉన్నాడు, సామ్రాజ్యమేమో రోడ్డు మీద కూలబడిపోతోంది. నన్ను నేలలోంచి పెరికాడు. "ఎక్కించమ్మా, జాగర్త," అన్నాడు.

ఆ రోజు బిజిలీ తన పేరు నిలబెట్టుకుంది. నేను చక్రం ఆకుల్లో దారి పొడుగునా అరుస్తూనే ఉన్నాను. సిలారు ఒక్కసారే వెనక్కి తిరిగి చూశాడు. సూర్యుడు కొబ్బరిచెట్ల మీదికి వచ్చేశాడు. మళ్లీ తిరగలేదు.

ఆసుపత్రిలోకి వాళ్లను పంపి వేపచెట్టు కింద బండి ఆపాడు. నొగల మీద తల ఆనించి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. నాకు ఏమీ చేతకాలేదు. ఓదార్చడానికి తోలుజడ పనికిరాదు.

చాలాసేపటికి అంకమ్మ నవ్వుకుంటూ వచ్చింది. "ఆడపిల్ల, సాయిబూ! తల్లీ పిల్లా గట్టిగా ఉన్నారు. ఇంకో అరగంట ఆలస్యమైతే దక్కేవాళ్లు కాదంట... ఏందయ్యా, ఏడుస్తన్నావా? గుర్రానికేమన్నా అయిందా?"

"మా అమ్మకిచ్చిన మాట పోయిందమ్మా," అన్నాడు సిలారు. రైలు సంగతి, రకాతుల సంగతి, నా కొస సంగతి అంతా చెప్పుకొచ్చాడు.

అంకమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని విన్నది. "పొద్దు ఈ కర్ర దాటితే చెల్లదని ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలా. అంతే కదమ్మా మరి."

"బాగానే ఉంది సంబడం! ముందు అడుగు, ఆనక ఏడు. మీవాళ్లే ఒకాయన లోపల మందులిస్తన్నాడు, గడ్డమాయన. ఉండు, పిలుచుకొస్తా."

ఆమె నిజంగానే కాంపౌండరు గాలిబ్‌ను చెయ్యి పట్టుకున్నంత పని చేసి లాక్కొచ్చింది. గాలిబ్ సంగతి విని ముందు అర్థం కాక నిలబడ్డాడు. తర్వాత నన్ను ఎగాదిగా చూసి పకపకా నవ్వాడు.

"భాయ్, బల్లెమంటే నీ ముక్కు ముందు పాతుకునేది కాదయ్యా. ఆకాశపు అంచున, దూరంగా నిలబెట్టినట్టు ఊహించుకోవాల. పొద్దు పొడిచాక ఇరవై నిమిషాలు, మహా అయితే పాతిక. అక్కణ్ణుంచి సూర్యుడు నడినెత్తికి వచ్చేలోపు ఎప్పుడైనా చేసుకోవచ్చు. ఇప్పుడు తొమ్మిదిన్నర. నీకింకా బోలెడు టైముంది."

సిలారు నోరు తెరుచుకుని చూశాడు. "ఉందా?"

"ఉంది. పైగా ఇది తప్పనిసరి నమాజు కూడా కాదు. ఇష్టంగా చేసుకునేది. ప్రాణం మీదికొచ్చిన పిల్లను తెచ్చి దానికోసం ఏడుస్తావేంది? లే."

సిలారు కొళాయి దగ్గర మొహం, కాళ్లూ చేతులూ కడుక్కుని వుజూ చేసుకున్నాడు. కండువా పరిచాడు. రోగులూ వాళ్ల బంధువులూ అటూ ఇటూ తిరిగే తావు కాబట్టి, నమాజు చేసే మనిషి ముందునుంచి ఎవరూ నడవకుండా ఎదర నన్ను అడ్డుగా పాతాడు. పదకొండేళ్లుగా తూర్పున నిలబడ్డ నేను మొదటిసారి పడమట నిలబడ్డాను. అతని మొహాన్ని నమాజులో అంత దగ్గరగా చూడడం అదే మొదలు. గడ్డం నీళ్లోడుతోంది, అవి వుజూ నీళ్లో కన్నీళ్లో చెప్పలేను. అంకమ్మ చెట్టు మొదట్లో నిలబడి, "ఆ కర్ర అవతలి నుంచి పొండయ్యా," అని వచ్చేపోయేవాళ్లను అదిలిస్తూ కాపలా కాసింది. ఇన్నేళ్లలో అంత హాయిగా నేనెప్పుడూ నిలబడలేదు.

మర్నాటి నుంచి సిలారు గాలిబ్ చెప్పినట్టే ఇరవై నిమిషాలకు లేచి ఖజా చేసుకున్నాడు. ఇక ఏడింటి రైలు బేరాలు అతనికీ దొరకాల్సింది. కానీ నమాజు ముగించి మళ్లీ వచ్చి గోనెపట్టా మీదే కూర్చునేవాడు, సూర్యుడు నా కొసకు వచ్చేదాకా. అలవాటైన ప్రాణం, మెల్లగా మానుకుంటాడులే అనుకున్నాను.

మానుకోలేదు. ఆటోలు వచ్చాయి, బిజిలీ ముసలిదై పోయింది, బండి కట్టెల కింద పోయింది. నా తోలుజడ ఊడిపోయింది. నేనిప్పుడు సిలారు ఊతకర్రను. దిగజారానని మీరనుకోవచ్చు, నాకు మాత్రం ఇదే పై ఉద్యోగం. అందుకోవాల్సిన రైలు లేదు కాబట్టి అతను జమాతుకు అరగంట ముందే మసీదు చేరి, సున్నత్ రెండు రకాతులూ వాటి వేళకే నెమ్మదిగా చేసుకుంటాడు. ఖజా అన్న మాటే లేదు. అయినా జమాతయ్యాక బయటికొచ్చి, గోడ పక్కన నన్ను పాతి, తూర్పుకు తిరిగి కూర్చుంటాడు.

మొన్న, ఈ మధ్యే వచ్చిన కుర్ర ముల్లాగారు చూసి దగ్గరికొచ్చాడు. "చాచా, సున్నత్ ముందే చేశారుగా, నేను చూశాను. ఇంక దేనికోసం ఈ ఎదురుచూపు?"

సిలారు కాస్త సిగ్గుపడ్డాడు.

"ఇన్నేళ్లూ ఈ వేళప్పుడే మా అమ్మ కోసం దువా చేసుకుంటా, ఇంట్లో సంగతులన్నీ ఆమెకు చెప్పుకుంటా కూర్చున్నానండీ. నమాజు అయిపోయింది. మాటలే ఇంకా అవలేదు."

ముల్లాగారు గోనెపట్టా చివర కాస్త చోటుంటే అక్కడ కూర్చున్నాడు.