బోణీ కాని బండిలో కోడికూర

పిల్లలకు ఈత నేర్పే ఆవిడను ఇంటా బయటా అందరూ విజిలక్క అనే పిలుస్తారు. మెళ్ళో ఎప్పుడూ విజిల్ వేలాడుతూ ఉంటుంది. మాట విననివాళ్ళు పిల్లలైనా, సొంత మొగుడైనా, దాన్ని ఊదడానికి ఆవిడ వెనకాడదు.

ఆ ఆదివారం వాళ్ళ అమ్మమ్మకి తొంభై నిండాయి. ఊరికి అవతలి చివర ఒక హాలు తీసుకున్నారు. మిగతావన్నీ మేనమామ చూసుకున్నాడు గానీ, కోడికూర మాత్రం తనే వండి తెస్తానని విజిలక్క భీష్మించుకుంది. దానికి కారణం ఉంది. కిందటేడు ఇదే పుట్టినరోజుకి ఆవిడ వండిన కూర కారు డిక్కీలో సగం ఒలికిపోయింది. మిగతా సగం ట్రాఫిక్‌లో చల్లారి, గోరువెచ్చగా పళ్ళేల్లోకి చేరింది. మర్నాటికి చుట్టాల్లో చాలామంది కడుపులు పట్టుకుని కూర్చున్నారు. అందరికన్నా ఎక్కువ అవస్థ పడింది మేనమామ కూతురు, నర్సు వదిన.

"ఆస్పత్రిలో ఇన్నేళ్ళు పనిచేసినా అక్కడ మంచమెక్కలేదు. అదంతా నీ చలవే తల్లీ!" అని ఏడాది పొడుగునా ఫోన్ చేసినప్పుడల్లా దెప్పుతూనే ఉంది.

అందుకే ఈసారి విజిలక్క యుద్ధానికి వెళ్తున్నట్టు సిద్ధమైంది. బంగాళాదుంపలు వేసి వండిన కూర కుతకుతలాడుతుండగానే దింపి, మూత పెట్టి, అంచు చుట్టూ పిండిముద్ద మెత్తింది. గిన్నె చెవుల మీదుగా గుడ్డ బిగించి ముడేసింది. మొదట న్యూస్‌పేపర్లు, వాటి మీద తువ్వాళ్ళు, ఆపైన చలికాలం బొంత చుట్టింది. ఆ మూటని బట్టలు నానబెట్టే టబ్బులో చెక్కపలక మీద కూర్చోబెట్టి, సందుల్లో దిళ్ళు కుక్కింది.

తీరా బయల్దేరబోతే కారు కదల్లేదు. మొగుడు తాళం తిప్పినప్పుడల్లా అది ముసలాయన గొంతు సవరించుకున్నట్టు ఓ శబ్దం చేసి ఊరుకుంది.

"నిన్న బాగానే ఉందే!" అన్నాడాయన.

విజిలక్క విజిల్ ఊదింది.

టాక్సీ పిలిచారు. డ్రైవర్ దిగి, టబ్బులో బొంతని చూసి ముచ్చటపడ్డాడు. "పసిబిడ్డా అండీ?"

"కాదు, కోడికూర."

ఆయన మొహం మారిపోయింది. "సీటు కవర్లు కొత్తవమ్మా, ఏమీ అనుకోకండి" అంటూనే బండెక్కి మలుపు తిరిగిపోయాడు.

ఇక మిగిలింది తమ్ముడే. అతన్ని అందరూ నిదానం అంటారు. శవాల్ని తీసుకెళ్ళే బండి నడుపుతాడు. ఆ ఉద్యోగం వల్ల నిదానం వచ్చిందో, నిదానం వల్ల ఆ ఉద్యోగం వచ్చిందో ఎవరికీ తెలియదు. "బండి తెస్తున్నా అక్కా" అని ఫోన్ పెట్టేశాడు. కాసేపటికి ఇంటి ముందు, మిలమిలలాడే పొడవాటి నల్లబండి చప్పుడు లేకుండా వచ్చి ఆగింది. పక్కింటివాళ్ళు కిటికీలు తెరిచి, విజిలక్క మొగుడు గేటు దగ్గర కనబడగానే ఊపిరి పీల్చుకున్నారు.

"నీకసలు బుద్ధుందా? దీంట్లోనా, తినే కూర?" అంది విజిలక్క.

"కొత్తబండి అక్కా. నిన్ననే షోరూమ్ నుంచి వచ్చింది. ఇంకా బోణీ కూడా కాలేదు. ఊళ్ళో ఓ చుట్టు తిప్పి చూడమని మా ఓనరే అన్నాడు." నిదానం వెనక తలుపు తెరిచి చూపించాడు. ప్లాస్టిక్ తొడుగు కూడా తీయలేదు. కొత్త రబ్బరు వాసన గుప్పుమంది. "చూడు, కట్టడానికి బెల్టులు. కుదుపన్న మాటే ఉండదు. పాతబండిలో ఎక్కినవాళ్ళే ఇంతవరకూ ఒక్కరూ కంప్లయింట్ ఇవ్వలేదు."

విజిలక్కకి నవ్వొచ్చింది. కానీ గడియారం చూసుకుని నవ్వు మింగేసింది. "ఎత్తు."

టబ్బుని నడిమధ్యన పెట్టి నాలుగు వైపులా బెల్టులు బిగించారు. "మీరు పదండి, నేను బస్సులో వస్తా" అన్నాడు మొగుడు. "ఆ బండెక్కడానికి నాకింకా టైముంది."

పెద్దరోడ్డు ఎక్కారో లేదో, లోకం తీరే మారిపోయింది. హారన్లు ఆగిపోయాయి. బస్సు పక్కకి తప్పుకుంది. ఫుట్‌పాత్ మీద నడుస్తున్నవాళ్ళు నిలబడి తలలు వంచారు. కూడలిలో ట్రాఫిక్ పోలీసు అటువైపు బళ్ళన్నీ ఆపేసి, చెయ్యెత్తి గట్టిగా సెల్యూట్ కొట్టాడు.

"మన కోడికి ఎంత మర్యాదరా!" అని గొణిగింది విజిలక్క.

అంతే, ఆపుకోలేకపోయింది. రెండు చేతుల్లో మొహం దాచుకుని, భుజాలు ఎగిరెగిరిపడేలా నవ్వింది. పక్కన స్కూటర్ మీదున్న ఒకావిడ అది చూసి కళ్ళు తుడుచుకుని, కిటికీలోంచి టిష్యూల ప్యాకెట్ అందించింది.

"ధైర్యం తెచ్చుకోమ్మా. దగ్గరివాళ్ళా?"

విజిలక్క మాట్లాడలేక తల ఊపింది.

"ఉన్నట్టుండి జరిగిందా?"

"పొద్దున్నేనండి" అన్నాడు నిదానం, ఉద్యోగానికి అలవాటైన గొంతుతో. "ఎక్కువ బాధపడలేదు."

విజిలక్క వంగి డాష్‌బోర్డుకి నుదురు ఆనించేసింది. స్కూటర్ ఆవిడ బావురుమంది.

అక్కణ్ణుంచి హాలు దాకా నిదానం ఒక్కసారి కూడా గట్టిగా బ్రేకు వెయ్యలేదు. అద్దంలో చూస్తూ, "అక్కా, వెనక ఎవరో మోపెడ్ మీద వస్తున్నాడు. చాలాసేపట్నుంచి" అన్నాడు.

"వాసన తగిలిందేమో!"

హాలు గేటు దగ్గర మేనమామ, నర్సు వదిన ఎదురుచూస్తున్నారు. నల్లబండి మలుపు తిరిగి సరాసరి తమవైపే రావడం చూసి మేనమామ చేతిలోని బెలూన్లు వదిలేశాడు. అవి ఆకాశానికి లేచిపోయాయి. "అమ్మా!" అని కేకేస్తూ లోపలికి పరిగెత్తాడు. కుర్చీలు దబదబా పడ్డ చప్పుడు వినిపించింది. మరుక్షణంలో చుట్టాలందరూ వాకిట్లో ఉన్నారు. వాళ్ళని కర్రతో పక్కకి నెట్టుకుంటూ అమ్మమ్మ ముందుకొచ్చింది. బండిని ఈ చివర నుంచి ఆ చివరకి చూసింది.

"నాకేనా? ఇంకా కేకయినా కొయ్యలేదు కదర్రా!"

"నీ కోసమే అమ్మమ్మా, కానీ నువ్వు ఎక్కడానికి కాదు!" అంటూ విజిలక్క దూకి దిగి వెనక తలుపు తీసింది. టబ్బుని లోపలికి మోసుకెళ్ళి బల్ల మీద పెట్టారు. బొంత విప్పింది, తువ్వాళ్ళు తీసింది, పేపర్లు లాగేసింది. నర్సు వదిన చేతులు కట్టుకుని నిలబడింది.

"ముందు పొగ చూపించు. పళ్ళెం తర్వాత పడతాను."

ఎండిన పిండిని చెంచాతో పగలగొట్టి విజిలక్క మూత ఎత్తింది. తెల్లటి ఆవిరి గుప్పున లేచి వదిన కళ్ళజోడుని కప్పేసింది. కమ్మటి వాసన హాలంతా నిండింది. వదిన ఓ చుక్క పులుసు నాలిక మీద వేసుకుని "అబ్బబ్బ, కాలింది!" అని గెంతింది. ఏడాదిగా ఎదురుచూసిన ఆ మాట విన్న సంతోషంలో విజిలక్క హాలు దద్దరిల్లేలా విజిల్ ఊదింది.

అప్పుడు చూశారు, గుమ్మంలో ఒక పెద్దమనిషి చేతిలో టోపీతో నిలబడి ఉండడం. పియానోలు బాగుచేసే పనిముట్ల సంచి భుజానికి వేలాడుతోంది.

"క్షమించండి" అన్నాడాయన. "మీ బండి వెనక ఒక్క మనిషీ రావడం కనబళ్ళేదు. ఎవరో పాపం ఒంటరిగా పోతున్నారే అని మనసొప్పలేదు. అందుకని నేనొచ్చాను. ఇంతకీ... ఎవరు పోయారండీ?"

విజిలక్క మెల్లిగా గిన్నె వైపు వేలు చూపించింది. పెద్దమనిషి గిన్నెలోకి తొంగిచూశాడు. అర్థమవడానికి ఓ క్షణం పట్టింది. తర్వాత ఆయన నవ్విన నవ్వుకి కుర్చీ వెయ్యాల్సి వచ్చింది. ఆయన్ని చూసి చుట్టాలు, చుట్టాల్ని చూసి ఆయన, అలా చాలాసేపు ఎవరికీ ఊపిరాడలేదు.

అమ్మమ్మ ఆయన్ని తన పక్కనే కూర్చోబెట్టుకుని, మంచి ముక్కలు ఏరి వేయించింది. ఆయన రెండోసారి అడిగి మరీ వేయించుకున్నాడు.

"నువ్వు మంచివాడివి నాయనా. నేను పోయినప్పుడు కూడా రా" అంది అమ్మమ్మ.

"తప్పకుండా వస్తానండి. తొందరేం పడకండి."

కేకు అయ్యి, దారిలో పోలీసు కొట్టిన సెల్యూట్ సంగతీ విన్నాక అమ్మమ్మ నిదానం చొక్కా పట్టుకుంది. ఆ బండిలో తనని ఒక్క చుట్టు తిప్పాలంది. మేనమామ వద్దని మొత్తుకున్నాడు. నర్సు వదిన బీపీ అంది. అమ్మమ్మ వినలేదు. "ఆ మర్యాదలేవో కళ్ళతో చూడాలి కదర్రా! తర్వాత నాకేం కనిపిస్తుంది?"

ముందు సీట్లో, కాగితం కిరీటంతో కూర్చుంది. నల్లబండి నెమ్మదిగా వీధిలోకి కదిలింది. రొట్టెల దుకాణం ముందు నిలబడ్డ జనం గబుక్కున మాటలాపి తలలు వంచారు. అమ్మమ్మ కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి, అటూ ఇటూ ఊపుతూ, అందరికీ టాటా చెప్పింది.