అంచుదాకా పాలు

నిద్ర లేస్తూనే అర్తెమియో బారియా దుప్పటి కింద కాళ్ళ దగ్గర తడిమి, తోలు పట్టీలు మెత్తగా ఉన్నాయో లేదో చూసుకున్నాడు. ఎద్దుల కొమ్ములకు కాడిని బిగించి కట్టే పట్టీలవి. బయట వదిలేస్తే చలికి కట్టెల్లా బిగుసుకుపోతాయి, ముడి పడదు. అందుకని చలికాలమంతా వాటిని పక్కలో వేసుకుని పడుకుంటాడు. పెళ్ళయిన కొత్తలో అతని భార్య ఒతీలియా ఆ వాసన భరించలేక పుట్టింటికి పోతానని ఏడ్చిందట. ఇప్పుడు అవి లేకపోతే తనకే నిద్ర పట్టదని ఆడవాళ్ళ దగ్గర చెప్పి నవ్విస్తుంది.

"మెత్తగా ఉన్నాయా?" అంది ఆమె, కళ్ళు తెరవకుండానే.

"ఉన్నాయి."

"నువ్వు వెచ్చగా ఉన్నావా అని నన్ను మాత్రం ఒక్కనాడూ అడిగిన పాపాన పోలేదు."

అర్తెమియో దుప్పటి ఆమె భుజాల మీదికి లాగి, లేచి పొయ్యి రాజేశాడు. పొయ్యి పైన తీగ మీద వారం నుంచీ ఉన్ని మేజోళ్ళు ఆరుతూనే ఉన్నాయి. ఆరినవి వేసుకోవడం, తడిసినవి వేలాడదీయడం, ఆ వారమంతా ఇంటింటా అదే పని.

చిలీ పటంలో చుక్క కూడా లేని మా ఊరు మాయిన్ గ్రాందె మీద సోమవారం మొదలైన మంచు శుక్రవారం దాకా తెరిపి ఇవ్వలేదు. కంచెల పై తీగలు కూడా కనబడకుండా పోయాయి. సరుకుల లారీ రాలేదు. బడి మూసేశారు. పొద్దున్నే మగాళ్ళు పారలు పట్టుకుని గుమ్మానికీ గుమ్మానికీ మధ్య దారి తవ్వడం, పొద్దుగూకేసరికి అది మళ్ళీ పూడిపోవడం. మాకు నడి చలికాలమైన జూలై నెలను తిట్టని మనిషి లేడు, ఇద్దరు తప్ప. ఒకరు అర్తెమియో. రెండోది ఏటి ఒడ్డున ఉండే ముసలావిడ ఎదువీగెస్. వాళ్ళిద్దరూ రెండు చలికాలాలుగా ఇలాంటి మంచు కోసమే కాచుకుని ఉన్నారు.

రెండేళ్ళ కిందటి వసంతంలో మంచు కరిగి పొంగిన ఏరు, గట్టు కోసుకుంటూ వచ్చి ఎదువీగెస్ వంటింటికి నాలుగడుగుల దూరంలో ఆగింది. మళ్ళీ పొంగితే ఇల్లు ఉండదు. కూతురు నోల్ఫా ఊరికి అవతలి కొసన, ప్రార్థన మందిరం పక్కన కాపురం ఉంటోంది. ఆ చెక్కల పెట్టె ఏటికి వదిలేసి నా దగ్గరికి వచ్చెయ్యమ్మా, గది ఖాళీగా ఉంది అని ఎన్నోసార్లు బతిమాలింది. వస్తాను, నా ఇంటితో వస్తాను అంది ముసలావిడ. మొండిఘటం అని ఊరంతా అనుకున్నారు గానీ, కాదనలేకపోయారు. మా వైపు ఇళ్ళు రెండు పెద్ద దుంగల మీద కడతారు. ఊరు కలిసొస్తే ఇల్లు లాక్కుపోవచ్చు. కూలి ఉండదు. వచ్చినవాళ్ళ కడుపు నింపడం ఒక్కటే ఇంటివాళ్ళ పూచీ. కాకపోతే మధ్యలో ఉన్నది బురద నేల, వేసవిలో మోకాలి లోతు దిగబడుతుంది. అది గడ్డకట్టి, పైన మంచు పరుచుకుంటే తప్ప దారి లేదు.

శుక్రవారం సాయంత్రం అర్తెమియో ఆ నేల మీద మడమతో తన్ని చూసి, రేపు లాగుదామని కబురు పంపాడు.

అతనిది పెద్ద ఆకారం కాదు. భుజాలు కిందికి జారి ఉంటాయి, నడిచేటప్పుడు ఎడమ కాలు కొంచెం ఈడుస్తాడు. నోట్లో నాలుక లేని మనిషి అని పేరు. పద్నాలుగో ఏట అడవిలో దుంగలు లాగే పనికి ఈ లోయకు వచ్చాడు, అప్పటినుంచీ లాగుతూనే ఉన్నాడు. బడి దూలాలు, ప్రార్థన మందిరం గంట, వంతెన చెక్కలు, మంచు కురిసిన రోజు శవపేటికలు, ఒకసారి పెళ్ళికూతుర్ని కూడా. బడి తెరిచిన రోజు ఊరందరినీ నిలబెట్టి తీసిన ఫోటో ఇప్పటికీ గోడ మీద ఉంది. అందులో కుడి అంచున ఒక ఎద్దు మూతి కనిపిస్తుంది. ఆ ఎద్దు పగ్గం పట్టుకుని ఫోటో బయట నిలబడ్డవాడు అర్తెమియో. అతను దాని గురించి ఎప్పుడూ బాధపడలేదు. ఎద్దు బాగా పడింది అనేవాడు.

శనివారం పొద్దున ఒతీలియా ఒక పెద్ద క్యాను నిండా పాలు పోసి ఇచ్చింది, రొట్టెల పిండిలోకి ఎదువీగెస్‌కు ఇమ్మని. అర్తెమియో నల్ల ఎద్దు తోర్దోను ఎడమ పక్క, తెల్లది పలోమోను కుడి పక్క కాడికి కట్టి, ములుకోల భుజాన వేసుకుని బయల్దేరాడు. ఆ ములుకోలతో అతను ఎద్దును పొడవగా చూసినవాళ్ళు లేరు. కాడి మీద ఆనించి మెల్లగా మాట్లాడతాడు, అంతే.

ఏటి ఒడ్డున అప్పటికే జనం ఉన్నారు. నాలుగు జతల ఎద్దులు ముక్కుల్లోంచి పొగలు వదులుతూ నిలబడ్డాయి. అర్తెమియో జతను అందరికంటే ముందు కట్టాలని ఎవరూ చెప్పనక్కర్లేదు. అయితే పని మొదలు కాలేదు. గుమ్మంలో తల్లీకూతుళ్ళ వాదన నడుస్తోంది. పొయ్యి ఆర్పి, తల్లి కిందికి దిగి నడవాలని నోల్ఫా. పొయ్యి ఆర్పితే ఇంతమందికి రొట్టె ఎవరు కాలుస్తారు, నేను దిగను అని ముసలావిడ. పిట్టంత మనిషి, తలకు రుమాలు, మోచేతుల దాకా పిండి. మంచు కింద గడ్డ పగిలితే ఇల్లు పల్టీ కొడుతుందని, లోపల నిప్పు కూడా ఉంటే ఇంకేముందని జనం గొణిగారు. చివరికి అందరూ అర్తెమియో వైపు తిరిగారు.

ఎదువీగెస్ అతని కూతురికి బాప్తిస్మం నాడు జ్ఞానతల్లిగా నిలబడింది. ఆనాటి నుంచీ ఆమె అతనికి కొమాద్రె, అతను ఆమెకు కొంపాద్రె. మా దగ్గర ఆ వరస రక్తసంబంధం కంటే గట్టిది. వేళాకోళాలకూ ఆ వరసలో అడ్డు లేదు.

అర్తెమియో లోపలికి వెళ్ళాడు. పొయ్యి కాళ్ళ చుట్టూ చెక్కలు పెట్టి నేలకు మేకులు కొట్టాడు. పక్కన రెండు బకెట్ల నిండా మంచు పెట్టించాడు. పొగగొట్టం తీగలు లాగి చూశాడు. అప్పుడు బయటికొచ్చి, ఉండనివ్వండి అన్నాడు.

నోల్ఫా అతని దగ్గరగా వచ్చింది. "ఆమెకేమైనా అయితే మీదే పూచీ, దోన్ అర్తెమియో."

"నాదే."

ఎదువీగెస్ ముఖం వెలిగిపోయింది. ఒతీలియా పంపిన పాలలో కొంచెం వెచ్చబెట్టి, ఒక ఇనామెల్ కప్పులో అంచుదాకా పోసి బల్ల మీద పెట్టింది. కప్పు నీలం రంగుది, పిడి దగ్గర పెచ్చు ఊడింది. గుమ్మంలోంచి అందరికీ వినబడేలా అంది: "చూసుకో కొంపాద్రె. చుక్క ఒలికిందా, నీకు రొట్టె లేదు. అందరూ తింటుంటే నువ్వు నీ ఎద్దులతో కలిసి గడ్డి నములు."

జనం గొల్లున నవ్వారు. అర్తెమియో కూడా నవ్వాడు గానీ, అతని ఆలోచన అంతా ఆ కప్పు మీదికి పోయింది.

గొలుసులు బిగిశాయి. అతను తోర్దో చెవి దగ్గర ఏదో అన్నాడు. ఐదు జతలూ ఒక్కసారే మెడలు వంచాయి. దుంగలు మంచులోంచి ఊడివచ్చిన చప్పుడుకు కుక్కలు మొరిగాయి. ఇల్లు మూలిగింది, కదిలింది. రెండు పక్కలా తాళ్ళు పట్టుకుని మగాళ్ళు, గడలు పట్టుకుని ఆడవాళ్ళు, వెనక పిల్లలు. పొగగొట్టంలోంచి పొగ తోకలా సాగుతూ ఇంటి వెంటే వస్తోంది. ఏరు వెనకబడింది. వారం రోజులుగా నాలుగు గోడల మధ్య విసిగిపోయిన జనానికి ప్రాణం లేచి వచ్చినట్టయింది. ఎవరో పాట ఎత్తుకున్నారు. అర్తెమియో మాత్రం ఎద్దులకు ఎదురుగా, వెనక్కి నడుస్తూ, ఇంటి నడికప్పు వాలుతోందా అని చూస్తున్నాడు.

సగం దూరంలో పాత కాలువ దగ్గర ఎడమ దుంగ కింద గడ్డ పగిలింది. ఇల్లు నెమ్మదిగా ఒక పక్కకు ఒరిగి ఆగింది. పాట ఆగిపోయింది. నోల్ఫా రెండు చేతులతో నోరు మూసుకుంది. మగాళ్ళు గడలు తెచ్చి దుంగ కింద దూర్చేలోగా అర్తెమియో గడప ఎక్కి లోపలికి వెళ్ళాడు.

లోపల రొట్టె కాలుతున్న వాసన. ఎదువీగెస్ పొయ్యి పక్క కుర్చీలో కూర్చుని, మతే ఆకు టీ పీల్చుకునే సొరబుర్ర ఒళ్ళో పెట్టుకుని ఉంది. ముఖం పిండిలాగే తెల్లగా ఉందనిపించింది అతనికి. ఆమె చూపుడు వేలితో బల్ల చూపించింది. కప్పులో పాలు ఒక పక్కకు జరిగి, అంచు మీద ఉబ్బి ఆగి ఉన్నాయి. ఒలకలేదు.

"మిడిసిపడకు, ఇంకా సగం దారి ఉంది," అంది.

"ఒంట్లో బాగుందా కొమాద్రె? దించమంటావా?"

"పిండి పిసికిన ఆయాసం. కూర్చుంటే పోతుంది." మతే అతని చేతికిచ్చింది. అతను నిలబడే పీల్చాడు. ఆమె కాసేపు అతన్నే చూసింది. "ఈ ఇంటి దుంగలు లాగింది కూడా నువ్వే, గుర్తుందా? ఈ ఎద్దులు కాదులే, అప్పటివి. మా ఆయన రొసమెల్ అందరినీ భోజనానికి కూర్చోబెట్టాడు. నువ్వేమో బూట్లకు బురద ఉందని సిగ్గుపడి, తినకుండానే వెళ్ళిపోయావు."

"కుర్రాణ్ణి."

"నీ వాటా రొట్టె మూడు రోజులు దాచాను. రాలేదు. చివరికి కోళ్ళకు వేశాను." ఆమె నవ్వింది, నవ్వుకు దగ్గు వచ్చింది. "ఈసారి తినకుండా వెళ్ళావో, ఊరుకోను. వెళ్ళు, వెళ్ళి లాగు. రొట్టెలు మాడతాయి."

అతను ఖాళీ సొరబుర్ర ఆమె చేతిలో పెట్టి బయటికి వచ్చాడు. గడల మీద ఆరుగురు వేలాడారు. అతను ఈసారి ఎద్దులతో ఏమీ అనలేదు. ములుకోల కాడి మీద ఆనించి, తన ఊపిరి కూడా బిగబట్టి, అరచేతితో పలోమో నుదురు తట్టాడు. ఇల్లు ఒళ్ళు విరుచుకున్నట్టు లేచి, కాలువ దాటింది. అందరూ అరిచారు. అతను అరవలేదు, అడుగు తడబడకుండా వెనక్కి నడుస్తూనే ఉన్నాడు.

ఇక ఆగడానికి వీల్లేని చోటు అది. అడుగున నీరు కదులుతున్న నేల మీద అంత బరువు నిలిస్తే దిగబడటమే. కొంతదూరం వచ్చాక పొగ సన్నబడటం అతనికి కనిపించింది. రొట్టెలు అయిపోయి ఉంటాయి, కట్టె వెయ్యడం మానేసి ఉంటుంది అనుకున్నాడు. మరికొంత దూరానికి పొగ దారంలా అయింది. ఆమె ఆయాసం గుర్తొచ్చింది. ఆపమని చెయ్యెత్తితే నలభై కాళ్ళు ఆగుతాయి. చెయ్యి లేవలేదు. ఎద్దుల కళ్ళలోకి చూస్తూ, ఇంకొంచెం, ఇంకొంచెం అంటూ నడిచాడు. ఎద్దులకు చెబుతున్నాడో, ఇంట్లో ఉన్న మనిషికి చెబుతున్నాడో అతనికే తెలియదు.

ప్రార్థన మందిరం పక్క గట్టి నేల మీద ఇల్లు ఆగేసరికి మందిరం గంట కొట్టారు. అకార్డియన్ మొదలైంది. ఒతీలియా వంటపాత్రలు పట్టుకుని ఎదురొచ్చింది. నోల్ఫా పరుగున వెళ్ళి తలుపు తీసింది. లోపలికి వెళ్ళిన మనిషి వెంటనే రాలేదు. వచ్చినప్పుడు కేకలు పెట్టలేదు. మెట్టు మీద నిలబడి అతని కోసం చూసింది.

"దోన్ అర్తెమియో, ఒకసారి లోపలికి రండి."

అతను టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

ఎదువీగెస్ అదే కుర్చీలో ఉంది. తల కొంచెం కిటికీ వైపు వాలింది. చేతులు ఒళ్ళో పెట్టుకుని ఉంది, వేళ్ళ సందుల్లో పిండి ఎండిపోయి ఉంది. రొట్టెలన్నీ పొయ్యిలోంచి తీసి, బల్ల మీద వరసగా పేర్చి, గుడ్డ కప్పి ఉన్నాయి. ఒక్కటి కూడా మాడలేదు. గుడ్డ మీద చెయ్యి పెడితే ఇంకా వెచ్చగా తగిలింది.

బయట అకార్డియన్ ఎవరో ఆపించారు.

"పొగ తగ్గడం చూశాను," అన్నాడు అర్తెమియో. "ఆపలేదు."

"ఆపితే ఇల్లు అక్కడే దిగబడేది. అమ్మ ఒప్పుకునేది కాదు."

"పూచీ నాదన్నాను."

నోల్ఫా తల్లి తల మీది రుమాలు సర్దింది. తర్వాత బల్ల దగ్గరికి వెళ్ళి గుడ్డ తొలగించి, ఒక రొట్టె తీసి, రెండు చేతులతో అతనికి అందించింది.

"చుక్క ఒలకలేదు. ఇది మీది. తినకుండా మాత్రం వెళ్ళకండి."

అతను అక్కడే, గోడకు ఆనుకుని, నిలబడే తిన్నాడు. ఎదువీగెస్ మీద అతనికి ఎంత ప్రేమ ఉందో ఆ రొట్టె తింటున్నంతసేపూ తెలిసింది. కన్నీళ్ళు మీసంలోకి కారుతుంటే తుడుచుకోలేదు, పొడి కూడా వదలకుండా మొత్తం తిన్నాడు.

ఆ మధ్యాహ్నం విందుకని వచ్చినవాళ్ళే చావింటివాళ్ళయ్యారు. ఒక్కొక్కరే బూట్ల మంచు దులుపుకుని లోపలికి వచ్చి, ఆమె పాదాల దగ్గర తల వంచి, తమ వాటా రొట్టె తీసుకుని వెళ్ళారు. ఆమె పూచీ ఆమె తీర్చుకుంది, ఎవరూ ఖాళీ కడుపుతో పోలేదు. అర్తెమియో బయట ఎద్దుల కాడి విప్పి, గడ్డకట్టడం మొదలైన పట్టీలను చొక్కా లోపల, ఒంటికి ఆనేలా పెట్టుకున్నాడు.

పొద్దు వాలుతుండగా ఒతీలియా, నోల్ఫా కలిసి ఇల్లు సర్దారు. గిన్నెలు కడిగారు, బల్ల తుడిచారు, పొయ్యి మళ్ళీ రాజేశారు. పాల కప్పును మాత్రం ఇద్దరిలో ఎవరూ ముట్టుకోలేదు. పిడి దగ్గర పెచ్చు ఊడిన ఆ నీలం కప్పు బల్ల మీద పెట్టినచోటే ఉంది, అంచుదాకా నిండుగా, పైన ఎక్కడా చెదరని మీగడతో.