ఆవగింజంత మందు

బేతంచెర్ల బడి అయ్యవారు నరసన్న ఒక నవల రాశాడు. నూరేళ్ళ తర్వాత చంద్రమండలం మీద గనులు తవ్వుతారట. తల్లులు పిల్లల నోట్లో నీలం బిళ్ళ వేసి పనికి పోతారట. ఆ బిళ్ళకు అలవాటుపడి లోకమంతా మత్తులో జోగుతుందట. విన్నవాళ్ళు విరగబడి నవ్వారు. ఆయనకది కట్టుకథ కాదు పాపం. ఆయన తల్లి చంటిబిడ్డ నోట్లో ఆవగింజంత నల్లమందు పెట్టి నాపరాళ్ళ గనికి పోయేది. ఒకనాడు గింజ కాస్త పెద్దదైంది. ఆయన చెల్లెలు మళ్ళీ లేవలేదు.

ఆ నవలను సినిమా తీస్తానని మద్రాసు నుంచి నిర్మాత ఒకడు దిగాడు. ఇంక చూడండి కోత! చంద్రుడి దాకా పోతే ఖర్చని బేతంచెర్ల గనినే చంద్రమండలం చేశాడు. నలుపు తెలుపు బొమ్మలో నీలం కనబడదని బిళ్ళ తీసేసి నల్లమందే పెట్టాడు. జనానికి మత్తు వదిలించడానికి ఒక ఋషిని దింపి, ఆయనకు రెండు పాటలిచ్చాడు.

నరసన్న అన్నిటికీ తలూపాడు. తల్లి మందు పెట్టాక బిడ్డ లేవని ఘట్టం ఒక్కటి ఉంటే చాలన్నాడు.

"మిగిలిందంతా మీ ఇష్టమప్పా. నా చెల్లెల్ని మాత్రం కొయ్యాకండి."

నిర్మాత చిటికెడు ముక్కుపొడి పీల్చి, సరేనన్నాడు. మాట నిలబెట్టుకున్నాడు కూడా.

బొమ్మ ఊరి టెంటు సినిమాహాలుకు వచ్చింది. టెంటు యజమాని పెంచలయ్య పద్ధతి అందరికీ తెలిసిందే: బిడ్డ ఏడిస్తే తల్లీబిడ్డా బయటికే, మళ్ళీ లోపలికి రానివ్వడు. అయినా మొదటి ఆటకే గనికూలి ఆడవాళ్ళు చంకబిడ్డలతో తరలివచ్చారు. ఎవరి కోసం రాశానో వాళ్ళే వచ్చారని నరసన్న పొంగిపోయాడు.

ఋషి పాటకు ఈలలు మోగాయి. తర్వాత ఆ ఘట్టం వచ్చింది. తెర మీద తల్లి బిడ్డను కుదిపి కుదిపి పిలుస్తుంటే, ఆడవాళ్ళందరూ కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చారు. నరసన్న కూడా ఏడ్చాడు. గెలిచాననుకున్నాడు, వెర్రిబాగులవాడు.

అప్పుడు తట్టింది. టెంటులో ఇరవైమంది చంటిపిల్లలున్నారు. ఆట మొదలైనప్పటి నుంచి ఒక్కరూ కుయ్యిమనలేదు.

పక్కన బిడ్డను ఒళ్ళో వేసుకుని కూర్చున్న ఈరక్కను, బిడ్డ ఏడవలేదేమని అడిగాడు.

"యాడ ఏడుస్తాదయ్యోరా," అంది ఈరక్క కళ్ళు తుడుచుకుంటూ. "ఆటకు ముందే ఆవగింజంత పెట్టినా. లేకుంటే మీ బొమ్మ చూడనిస్తాడా పెంచలయ్య?"

నరసన్న ఆ బిడ్డ ముక్కు కింద వేలు పెట్టి చూశాడు. ఊపిరి ఆడుతోంది. లేచి ముందు వరుసలో బిడ్డ దగ్గరికి పోయాడు. ఆ తర్వాత ఇంకో బిడ్డ దగ్గరికి. తెరకు అడ్డం వస్తున్నాడని వెనక నుంచి జనం తిట్టసాగారు.